అరవై నాలుగు కాళ్ళ చిప్

బావ ఆ చిప్ కాళ్ళను గోటితో లెక్కపెట్టాడు.

బెంగుళూరులో పాత ఎలక్ట్రిక్ సామాన్లు అమ్మే ఒక సందులో, పట్టపగలే ట్యూబులైటు వెలిగే ఒక ఇరుకు కొట్టులో, నేతగాడు గుడ్డను పట్టి చూసినట్టే చూశాడు. చూపుడు వేలి గోరు ఒక్కో కాలి మీద ఆనిస్తూ, పెదవులు కదపకుండా. ఒక పక్క ముప్పై రెండు. బోర్డు తిప్పి రెండో పక్క ముప్పై రెండు. తర్వాత పక్కనున్న ఇంకో బోర్డు తీసుకుని దాని చిప్ లెక్కపెట్టాడు. అటు ఇరవై, ఇటు ఇరవై. లెక్క తేలాక తలెత్తి, ఇంత పెద్ద సంగతి తనకు ముందే ఎందుకు చెప్పలేదన్నట్టు నా వైపు చూశాడు.

"నలభై పోగుల గుడ్డకూ అరవై నాలుగు పోగుల గుడ్డకూ తేడా ఉండాదా లేదా అప్పా?"

"ఉండాది బావా. అయితే ఇది కట్టుకునేది కాదు గదా."

బావ నవ్వాడు. కొట్టు ముసలాయన కూడా నవ్వాడు. ఆ రోజు మేము ముగ్గురం చాలా నవ్వుకున్నాం. నా బతుకులో నేను వెనక్కి తీసుకోవాలనుకునే రోజు ఏదైనా ఉందంటే అదే.

నేనప్పుడు ఆదోనిలో రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్టు నడుపుతున్నాను. చదువు ఏడో తరగతి దాకా. లెక్కల అయ్యవారు ఎలా నడుస్తారో తరగతికంతా నడిచి చూపిస్తుంటే, పిల్లలు ఉన్నట్టుండి నవ్వడం ఆపేశారు. వెనక్కి తిరిగితే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. "బాగుండాది. ఇంగ ఇదే పని సేసుకో పో" అన్నారు. పెద్దల మాట కాదనడం నాకు చేతకాదు. బడి మానేశాను. ఆ నడకలు, ఆ గొంతులు, ఆ ఎకసెక్కాలు మాత్రం మానలేదు. కొట్టుకొచ్చే జనంలో సగం మంది రేడియో కోసం వచ్చేవాళ్ళు, సగం మంది నా నోటి కోసం. రేడియో తెచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు, వట్టి చేతులతో వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

అక్కను ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇంటికి ఇచ్చారు. బావది గుంత మగ్గం. ఇంట్లో నేల తవ్వి, ఆ గుంతలోకి కాళ్ళు వేలాడేసి గట్టు మీద కూర్చుని నేస్తారు. మా వైపు గాలిలో తడి ఉండదు, తడి లేకపోతే పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని గుంత అడుగున ఇసుక పోసి తడుపుతారు, పొద్దున్నే గది నేలంతా నీళ్ళు చల్లుతారు. బయట ఎండకు కుక్కలు సైతం గోడ నీడను వదిలి కదలని మే నెలలో, బావ గదిలోకి పోతే చెమట ఆరిపోయి వీపు జలదరించేది. నేను ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా అక్కను చూడడానికి వచ్చానని చెప్పి, ఆ గదిలో చాప వేసుకుని పడుకునేవాణ్ణి.

"అక్క మీద ప్రేమ కాదు వీనికి, మన గుంత మీద" అనేవాడు బావ.

"అక్కను మీకిచ్చిందే గుంతను చూసి గదా బావా. నిన్ను చూసి ఎవురిస్తారు?"

బావా బామ్మర్దుల మధ్య ఎగతాళికి మా వైపు హద్దూ పద్దూ లేదు. అంటే పడాలి, పడి నవ్వాలి. మా బావ పడేవాడు కాదు, మునిగేవాడు. నా మాటలకు ఆయన నవ్వినట్టు ఇంకెవరూ నవ్వలేదు. అడ్డపోగు నేసే నాడె చేతిలో ఉంటే దాన్ని గుడ్డ మీద పెట్టేసి, రెండు చేతులూ తొడల మీద వేసుకుని, భుజాలు అదిరేలా నవ్వేవాడు. అలా నవ్వే మనిషి ఒక్కడు దొరికితే నాలాంటివాడు ఇంక దేనికైనా తెగిస్తాడు.

నేతపని అప్పటికే పలచబడిపోయింది. బావ అన్న బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గాల మీద పనికి పోయి రెండేళ్ళయింది. వాళ్ళ వీధిలో మూడిళ్ళకు తాళాలు. బావకూ అక్కడి నుంచి కబురు మీద కబురు వస్తోంది. అక్క మాత్రం ఒప్పుకోలేదు. ఆమె పుట్టింది ఆదోని, మెట్టింది ఎమ్మిగనూరు. ఆ రెంటి మధ్య బస్సులో గంట కూర్చుంటేనే ఆమెకు కడుపులో తిప్పుతుంది. "ఊర్లోనే ఇంకేదన్నా పని సూసుకో. ఏ పనైనా సరే. రైలెక్కమంటే మాత్రం నా వల్ల కాదు" అని తేల్చి చెప్పింది. బావ కూడా ఆమెకు మాటిచ్చాడు. వచ్చే దసరా లోపల ఊర్లోనే ఏదో ఒక దారి చూస్తానని, దొరక్కపోతే మాత్రం ఇద్దరూ పోవాల్సిందేనని.

ఆ దారి నేను చూపించాను.

టీవీ పిక్చర్ ట్యూబు కోసం బెంగుళూరు పోతూ, మోయడానికి సాయంగా బావను వెంట తీసుకెళ్ళాను. అక్కడ ఒక హోటలు పక్కన వీడియో గేముల గది ఉంది. నిలువెత్తు పెట్టె, అందులో టీవీ, కింద ఒక కర్ర, రెండు బొత్తాలు. బిళ్ళ వేస్తే ఆట మొదలవుతుంది. విమానం పైకి పోతుంటే ఎదురొచ్చినవాటిని కాల్చాలి. నేను బిళ్ళ వేసి, ఊపిరి పీల్చేలోపల చచ్చాను. బావ బిళ్ళ వేశాడు. చావలేదు. ఇరవై ఏళ్ళుగా కుడి చేత్తో నాడె విసిరి ఎడమ చేత్తో పట్టిన చేతులవి. చూపు ఒకచోట, చేయి ఒకచోట ఉన్నా తప్పులేకుండా పని చేసే మనిషి. చుట్టూ కాలేజీ పిల్లలు మూగారు. పంచె కట్టుకున్న మనిషి అలా ఆడుతుంటే వాళ్ళకు వింత. అరగంట తర్వాత గది యజమాని వచ్చి, వేరేవాళ్ళకు అవకాశం ఇవ్వమని బతిమాలుకున్నాడు.

ట్యూబు పెట్టెను ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చున్నాక బావ అన్నాడు.

"ఇట్లాంటిది మన ఊర్లో ఒకటి పెడితే యెట్లుంటాది?"

"బాగుంటాది. నువ్వొక్కనివే ఆడుకుంటాంటావు, ఊరంతా బయట నిలబడి వాన కోసం చూసినట్టు చూస్తాంటాది."

నవ్వాడు. కానీ వదల్లేదు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ తర్వాతి వారం మళ్ళీ. టీవీ నేను పెడతాను, కరెంటు పని నాది, పెట్టె వడ్రంగి చేస్తాడు. ఇక కావలసింది ఆటల బోర్డు. ఇద్దరం ఉన్నదంతా ఊడ్చి, బోర్డు కొనడానికి రెండోసారి బెంగుళూరు పోయాం.

ముసలాయన తెలుగు మాట్లాడేవాడు, కన్నడ యాసతో. రెండు బోర్డులు మా ముందు పెట్టి నిదానంగా చెప్పాడు. బోర్డు మధ్యలో ఉండే పెద్ద చిప్పే ఆటకు మెదడు, ప్రాసెసర్ అంటారు. నలభై కాళ్ళది ఎనిమిది బిట్లది. పాతది, నెమ్మది, బొమ్మలు మోటుగా ఉంటాయి. కానీ వేడెక్కదు. పైగా సాకెట్‌లో కూర్చుని ఉంటుంది, పోతే పీకి వేరేది గుచ్చుకోవచ్చు, అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. అరవై నాలుగు కాళ్ళది పదహారు బిట్లది. బొమ్మలు నిజం బొమ్మల్లాగా ఉంటాయి, విమానం ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోతుంది. కానీ వేడి. బోర్డుకే అతికించేసి ఉంటుంది.

"చల్లగా ఉండే గది కావాలి దీనికి. మీదే ఊరు?"

"ఆదోని పక్కన."

"అయ్యో" అన్నాడు ముసలాయన. ఎవరో పోయారని విన్నట్టు అన్నాడు.

బావ నన్ను పక్కకు పిలిచాడు.

"అప్పా, నాకు వీని మాట సగం అర్థం కాలేదు. నువ్వు మెకానిక్కువి. యేది తీసుకుందాం సెప్పు. నువ్వు యేది అంటే అదే."

అప్పటిదాకా నన్ను ఎవరూ అలా అడగలేదు. నేను రేటు చెబితే బేరమాడతారు, రేపిస్తానంటే నమ్మరు. నా నోటి నుంచి వచ్చే ఏ మాటనైనా జనం ముందు నవ్వి, తర్వాత అవసరమైతే ఆలోచిస్తారు. ఇప్పుడు ఒక మనిషి నవ్వకుండా నా మొహంలోకి చూస్తున్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది. ఎనిమిది బిట్లది తీసుకోమని చెప్పాలి. నాకు తెలుసు. పోతే పీకి గుచ్చొచ్చు అన్న ఒక్క మాట చాలు, రిపేరు చేసేవాడు ఇంకేం చూస్తాడు? కానీ అరవై నాలుగు కాళ్ళ దాని బొమ్మలు నేనూ చూశాను. దాన్ని నా చేత్తో బిగించాలని నాకూ ఉంది. ఆదోనిలో, కర్నూలులో ఎవరి దగ్గరా లేని చిప్. ఆ ఇబ్బందీ ఈ ఆశా రెండూ కలిసి నా నోట్లో తమాషాగా మారాయి.

"బావా, మన తాలూకా అంతా వెతికినా చల్లని చోటు ఒక్కటే ఉండాది. నీ మగ్గం గుంత. పెట్టెను దాంట్లో దింపేయ్. జనం గట్టు మీద కూసోని, కాళ్ళు గుంతలోకి ఏలాడేసుకోని ఆడుకుంటారు. కుర్చీలు కూడా కొనే పని లేదు."

ముసలాయన పగలబడి నవ్వాడు. బావ భుజాలు అదిరేలా నవ్వాడు. నవ్వు ఆగాక ఒక్క క్షణం నేల చూశాడు. ప్రయాణం బడలిక అనుకున్నాను.

"అరవై నాలుగుదే కట్టియ్యి సామీ" అన్నాడు ముసలాయనతో.

పది రోజుల తర్వాత స్టెబిలైజరు, వైర్లు సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు పోయాను. గదిలో అడుగుపెట్టి ఆగిపోయాను. మగ్గం లేదు. దాని చట్రం, దూలాలు విడదీసి పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి. గుంతను ఒక వైపు పెద్దది చేసి, అందులోకి పెట్టెను దింపారు. టీవీ సరిగ్గా గట్టు మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు వచ్చింది. గట్టు మీద గోనె సంచులు మడిచి పరిచారు. అడుగున కొత్త ఇసుక, తడిపి ఉంది.

"బావా, నేను తమాషాకు అంటిని గదా!"

"తమాషాకంటే ఏమప్పా, మాట బాగుండాది గదా. సెయ్యి పెట్టి సూడు."

గుంతలో చేయి పెట్టాను. కుండలో చేయి పెట్టినట్టుంది. బయట మే నెల. ఆలోచిస్తే తప్పేం కనపడలేదు నాకు. మీరు నమ్మరు, కానీ నిజంగా కనపడలేదు. ఎందుకంటే నా కొట్టుకు వచ్చిన సెట్లన్నీ ఎండకు చచ్చినవి, దుమ్ముకు చచ్చినవి, జిన్నింగు మిల్లులు తిరగడం మొదలుపెట్టగానే కరెంటు పడిలేచి చచ్చినవి. తడికి చచ్చిన సెట్టు ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. మా ఊళ్ళో తడి అనేది ఒకటుంటే కదా దానికి ఏదైనా చావడానికి. సముద్రం పక్కన ఉండే ఏ మెకానిక్కైనా ఆ గుంతను చూసి తల బాదుకునేవాడు. నేను మాత్రం చేయి బయటికి తీసి, బాగానే ఉంది కదా అనుకున్నాను.

వైర్లు కలుపుతుంటే అక్క మంచినీళ్ళు తెచ్చింది. కండెలు చుట్టే రాట్నం మూలన పెట్టేశారు కాబట్టి ఆమె చేతులకు పని లేదు. కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది. బావ బయటికి పోయేదాకా ఆగింది.

"రేయ్. ఒక్క మాట నవ్వులాట లేకుండా సెప్పు. మగ్గం తీసేసినాడు ఆయన. మళ్ళీ వేయాలంటే అయ్యే పని కాదు. ఇది నడుస్తాదా?"

"నడవదక్కా. అరవై నాలుగు కాళ్ళున్నా ఇది నడిచే రకం కాదు. కూసోని ఆడాల్సిందే."

అక్క చేతిలోని చెంబుతో నా నెత్తిన ఒకటి వేసింది. నవ్వింది. నవ్వి లోపలికి పోయింది. ఆమె అడిగింది, నేను చెప్పలేదు. నడుస్తుందో లేదో నాకు తెలియదక్కా అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? నాలుగు. అవి నా దగ్గర లేవు. మిగతావన్నీ ఉన్నాయి.

నడిచింది. అది కూడా చెప్పాలి. రెండు నెలలు ఆ గది ఊరికి వింత. గట్టు మీద ఇద్దరిద్దరు కూర్చునేవాళ్ళు, ఒకరు ఆడితే ఒకరు చూడడానికి. వాళ్ళ వెనక పదిమంది. సంతకు వచ్చిన రైతులు పెద్దకడుబూరు బస్సు తప్పిపోయినా కదిలేవాళ్ళు కాదు. పక్కింటి ముసలి నేతగాడు ఒకాయన రోజూ వచ్చేవాడు. ఆటలో విమానం వేగమెక్కగానే ఆయన కాలు గుంతలో తొక్కుడు పలక కోసం దానంతటదే వెతుక్కునేది, దొరక్కపోతే పెట్టెను తన్నేది.

"తాతా, నువ్వు విమానం తోల్తాండావా, పంచె నేస్తాండావా?" అనేవాణ్ణి.

"రెండూ ఒకటే లేరా. తెగకుండా సూసుకోవాల, అంతే."

బావ పెట్టెను పసిబిడ్డలా చూసుకున్నాడు. ముసలాయన చెప్పిన వేడి మాట ఆయన మనసులో దిగిపోయింది. పొద్దున్నే లేచి నేలంతా నీళ్ళు చల్లేవాడు. మధ్యాహ్నం గుంతలో ఇసుక తడిపేవాడు. ఎండ ముదిరాక అక్క గోనెపట్టాలు తడిపి పెట్టె వెనక వేలాడదీసేది. మగ్గం మీద పడుగు పోగులకు చేసిన సేవే, ఒక్కటీ తప్పకుండా చిప్‌కూ చేశారు ఇద్దరూ. వాళ్ళకు తెలిసినంతలో చల్లదనమంటే తడే. తడి లేని చల్లదనం ఎలా ఉంటుందో మా వైపు ఎవరికి తెలుసు? వేలాడుతున్న గోనెపట్టాలను నేనే చూసి, "దీనికి నలుగు కూడా పెట్టండి బావా, మొహం మెరుస్తాది" అన్నాను. అన్నది నేనే.

మూడో నెలలో తెర మీద సన్నటి గీతలు మొదలయ్యాయి. తర్వాత విమానం సగమే కనపడింది, ముందు సగం పోతుంటే వెనక సగం కింద నిలబడిపోయేది. ఒక రోజు తెరంతా ముగ్గుపిండి చల్లినట్టయింది. కబురందగానే పోయి బోర్డు బయటికి తీశాను.

చిప్ కాళ్ళకు పచ్చటి బూజు. అది బూజు కాదు, చిలుము. ఆ వైపు నీళ్ళు ఉప్పు నీళ్ళు కూడానూ. గోటితో ఒక కాలిని మెల్లగా తాకాను. రాలిపోయింది. పక్కది తాకాను, అదీ రాలింది. బావ నా పక్కనే గొంతుకూర్చుని చూస్తున్నాడు.

"ఎన్ని పోయినాయి?"

"పదకొండు."

"అరవై నాలుగులో పదకొండు. అంటే యాభై మూడు ఉండాయి గదా ఇంకా. నలభై కాళ్ళదే నడుస్తాందంటే, యాభై మూడు కాళ్ళది నడవదా?"

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. గుడ్డలో పది పోగులు తెగితే ముడివేసి నేస్తారు. ఇక్కడ కూడా ముడివేయడానికి ఏదో దారి ఉంటుందని అనుకున్నాడు. నేను నోరు తెరిచాను. నా అలవాటు కొద్దీ ఒక మాట వచ్చి నాలుక చివర నిలబడింది కూడా. మింగాను.

బోర్డు పట్టుకుని ఒక్కణ్ణే బెంగుళూరు పోయాను. ముసలాయన అద్దం పెట్టి చూసి, "దీన్ని ఎక్కడ పెట్టారు, బావిలోనా?" అని అడిగాడు. ఆ చిప్ విడిగా దొరకదన్నాడు. మొత్తం బోర్డు కొనాలన్నాడు. అది మా వల్ల అయ్యే పని కాదు. "పాపం, ఆ రోజు ఆ చిన్నది తీసుకున్నా బాగుండేది. దాన్ని మర్నాడే రాయచూరు ఆయన పట్టుకుపోయాడు. ఇప్పటికీ నడుస్తోందట" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. రాత్రంతా బస్సులో ఆ మాట నా పక్కనే కూర్చుని వచ్చింది.

మగ్గం మళ్ళీ వేద్దామనుకున్నారు. పెద్దది చేసిన గుంత గట్టు మట్టి వేసి కట్టినా నిలవలేదు, కూర్చుంటే విరిగిపోయేది. పెరట్లో గోడకు ఆనించిన దూలాలకు చెదలు. ఇవన్నీ సరిచేసుకోవచ్చు, కానీ నూలు ఇచ్చి నేయించుకునే పెద్దమనిషి మొహం తిప్పుకున్నాడు. ఆయన దగ్గరికి నేనూ పోయాను బావ వెంట.

"ఆటల కొట్టు పెట్టుకున్నోనికి నూలు యెందుకప్పా? నీ పడుగు వేరేవాళ్ళకు ఇచ్చేస్తిని" అన్నాడు.

తిరిగొస్తూ దారిలో నేను అన్నాను. "బావా, ఆ రోజు నేను గుంతలో పెట్టమని అనకపోయుంటే..."

బావ నవ్వాడు. "నువ్వు నవ్వులాటకు అంటివి. నేను నిజమనుకుంటి. తప్పు యెవురిదప్పా? మొగుడూ పెళ్ళాలం మేమే గదా నీళ్ళు పోసింది." ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఒక దెబ్బ వేసినా బాగుండేది. నాకు తిట్లకు బదులు చెప్పడం వచ్చు.

దసరా ముందు ఇద్దరూ ఆదోని స్టేషన్లో బొంబాయి రైలెక్కారు. అక్క రైలు వచ్చేదాకా ట్రంకు పెట్టె మీద కూర్చుని పట్టాలనే చూసింది. నేను మాత్రం ఆపకుండా వాగాను. భీవండిలో తెలుగు ఎలా మాట్లాడతారో, హిందీ రాని బావ అక్కడ టీ ఎలా అడుగుతాడో నటించి చూపించాను. ప్లాట్‌ఫారం మీద ఎవరో కూడా నవ్వారు. రైలు కదిలాక అక్క కిటికీలోంచి చేయి బయటికి పెట్టింది. నేను పట్టుకునేలోపల అది నా ముందు నుంచి జారిపోయింది.

తర్వాత మూడేళ్ళకు పైగా వాళ్ళను చూడలేదు. ఉత్తరాలు అక్క ఎవరిచేతో రాయించేది. బాగున్నాం, పని ఉంది, వానలు ఎక్కువ, నీకు పెళ్ళెప్పుడు. అంతే. తడి ఎక్కువని కూడా రాయించింది ఒకసారి, ఇక్కడ పోగు తెగదని. ఆ ఉత్తరాన్ని రెండోసారి చదవలేకపోయాను.

ఎమ్మిగనూరులో బావ వాళ్ళింట్లో ఏదో పెళ్ళికని ఒక పొద్దున రైలు దిగి, బస్సెక్కే ముందు నా కొట్టుకు వచ్చారు ఇద్దరూ. అక్క సన్నబడింది. బావ తల సగం నెరిసింది. గుమ్మంలోంచే "యేమప్పా, బాగుండావా!" అని పెద్దగా అరిచాడు. వీధిలో పోతున్నవాళ్ళు తిరిగి చూశారు. సంతోషం కొద్దీ అరిచాడనుకున్నాను. కూర్చున్నాక కూడా అలాగే అరుస్తూ మాట్లాడాడు. నేను మాట్లాడుతుంటే నా కళ్ళు చూడడం లేదు, నా నోరు చూస్తున్నాడు.

అక్క మెల్లగా చెప్పింది. "మగ్గాల మోత రా. ఒకే కొట్టంలో యాభై మగ్గాలు, పొద్దుగూకులూ. ఎడమ చెవి మొత్తం పోయింది. కుడి చెవిలో అరిస్తే ఇనపడతాది కొంచెం. ముఖం సూసి అర్థం చేసుకుంటాడు." టీ గ్లాసును చేతుల మధ్య తిప్పుతూ అంది. "ఆడ ఎవురితోనూ మాట్లాడడు. ఇనపడక పనికి పనికిరాడంటారేమో అని బయం."

బావ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

నేను బల్ల మీది స్క్రూడ్రైవరు పక్కకు పెట్టాను. మూడేళ్ళుగా లోపల కట్టుకున్న మాట ఉంది నా దగ్గర. ఉత్తరంలో రాయలేకపోయాను, నాకు రాత సరిగా రాదు. ఆయన మొహం వైపు తిరిగి, తిన్నగా చూస్తూ చెప్పాను.

"బావా, తప్పు నాదే. యేది తీసుకోవాలో నాకు తెలుసు ఆ రోజు. తెలిసీ సెప్పలేదు. నీ మగ్గం పోయింది నా వల్లే, నీ చెవులు పోయింది నా వల్లే. నన్ను సెమించు బావా."

సగంలోనే బావ నవ్వడం మొదలుపెట్టాడు. నా నోరు కదలడం చూశాడు, అది నా నోరే కదా. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ తొడల మీద వేసుకుని, భుజాలు అదిరేలా నవ్వాడు. భీవండిలో నవ్వక మిగిలిపోయినదంతా కలిపి నవ్వినట్టు నవ్వాడు. నేను ఆపకుండా చెబుతూనే ఉన్నాను. నేను చెప్పే కొద్దీ ఆయన నవ్వు పెరిగింది. చివరికి కళ్ళు తుడుచుకుంటూ అక్క వైపు తిరిగాడు.

"ఏమంటాండాడు? ఏమంటాండాడు వీడు?"

అక్క నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను చెప్పమన్నట్టు తల ఊపాను. ఆమె బావ కుడి చెవి దగ్గరికి వంగి, రెండు చేతులూ దొప్పలా పట్టి, వీధంతా వినపడేలా అరిచింది.

"నీ నెత్తి మీద సగమే నేసినారంట! మిగతా సగం తెల్ల నూలు యెప్పుడేస్తారని అడుగుతాండాడు!"

బావ బల్ల మీద చరిచాడు. "మారలేదప్పా నువ్వు! యేమీ మారలేదు!" అని నా భుజం పట్టుకుని ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధి వైపు తిరిగింది.

నేనూ నవ్వాను. ఏం చేయను, అది నా జోకని అక్క చెప్పింది కదా.